చేతిలో మిగిలే 47 యూరోలు

మా మేనకోడలు ఫోన్ చేసేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. జర్మనీలో జులై కదా, బయట ఇంకా వెలుతురుంది. విజయవాడలో మాత్రం ఒంటిగంట. "మావయ్యా, పడుకున్నావా?" అంది. పడుకోవాల్సింది తను. రెండు అడ్మిట్లు వచ్చి పది రోజులైంది. ఆ పది రోజులుగా వాళ్లింట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోయినట్టు లేరు.

ఒకటి మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ. రెండోది మాగ్డెబర్గ్‌లోని ఓటో ఫాన్ గెరికె యూనివర్సిటీ. రెండూ ఎలక్ట్రికల్ వైపు మాస్టర్స్ కోర్సులే, రెండిట్లోనూ పాఠాలు ఇంగ్లీషులోనే. బావ మ్యూనిక్ అంటున్నాడు. ఆయన ఆఫీసులో ఎవరిని అడిగినా మ్యూనిక్ పేరు తెలుసు, మాగ్డెబర్గ్ అంటే "అదెక్కడ?" అంటున్నారట. అక్క మాగ్డెబర్గ్ అంటోంది. ఆవిడకి ఆ ఊరి గురించి ఏమీ తెలియదు, అక్కడ ఫీజు లేదన్న సంగతి తప్ప.

ఆ గెరికె అన్నాయన మాగ్డెబర్గ్‌కి మేయరుగా చేసిన శాస్త్రవేత్త. 17వ శతాబ్దంలో రెండు లోహపు అర్ధగోళాలను దగ్గరగా ఆనించి, లోపలి గాలి తోడేసి, అటూ ఇటూ గుర్రాల్ని కట్టి లాగించాడు. ఊడి రాలేదు. గాలి ఒత్తిడికి ఎంత బలముందో చూపించడానికి చేసిన ప్రయోగం అది. మా అక్కాబావలు చేస్తున్నదీ అదే, కాకపోతే మధ్యలో పిల్ల ఉంది.

"నువ్వేమంటావు మావయ్యా?" అంది. ఏదో ఒకటి అనేస్తే నా పని అయిపోతుంది. రేపు బాగుంటే వాళ్ల గొప్ప, బాగోకపోతే మావయ్య మాట విని చెడింది. అందుకని "కాగితం తెచ్చుకో" అన్నాను.

జర్మనీ వీసాకి బ్లాక్‌డ్ అకౌంట్ చూపించాలన్నది ఇప్పుడు మన ఊళ్లలో కన్సల్టెన్సీ మెట్లెక్కిన ప్రతి పిల్లాడికీ తెలుసు. ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు ముందే వేసి ఉంచాలి. 2025 ధరలో దాదాపు పన్నెండు లక్షలు. ఇక్కడికి వచ్చాక అందులోంచి నెలకి 992 యూరోలు చొప్పున వదులుతారు, అంతకన్నా పైసా ఎక్కువ తీసుకోనివ్వరు. జనం పెద్ద అంకెని గుర్తుపెట్టుకుంటారు. బతికేది మాత్రం చిన్న అంకెతో. కాబట్టి 992 దగ్గర మొదలుపెట్టమన్నాను.

మ్యూనిక్‌లో నలుగురితో కలిసి ఉండే ఇంట్లో ఒక గదికి 800 యూరోల దాకా అవుతోంది. ప్రభుత్వ విద్యార్థి హాస్టల్ దొరికితే అందులో సగానికే వస్తుంది, కానీ అక్కడ వెయిటింగ్ లిస్టుని నెలల్లో చెప్పరు, సెమిస్టర్లలో చెబుతారు. వచ్చీరాగానే గది దొరికిందంటే అది అదృష్టం. అదృష్టాన్ని లెక్కలో రాసుకోకూడదు. సరే, 800. ఆరోగ్య బీమా తప్పనిసరి, విద్యార్థి రేటులో 145 అనుకుందాం. "ఎంత మిగిలింది?" అన్నాను.

"47" అంది.

"ఆ 47తో నెలంతా తినాలి, ఫోన్ వేయించుకోవాలి, రైలెక్కాలి. దేశమంతా లోకల్ రైళ్లలో తిరిగే డాయిచ్‌లాండ్ టికెట్ మామూలు ధరే అంతకన్నా ఎక్కువ."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఫీజు ఇంకా కలపలేదు కదా" అంది మెల్లగా.

అవును, ఫీజు. జర్మనీలో చదువు ఉచితం అని మన దగ్గర ఇంకా చెబుతుంటారు. చాలా చోట్ల నిజమే, సెమిస్టర్‌కి మూడు వందల యూరోల లోపు ఏదో కడితే సరిపోతుంది. కానీ మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 శీతాకాలం సెమిస్టర్ నుంచి యూరోపియన్ యూనియన్ బయటి దేశాల వాళ్లకి ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కి కోర్సుని బట్టి సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000. మావాళ్ల అమ్మాయి కోర్సుకి 6,000. నాలుగు సెమిస్టర్లకి 24,000. మెరిట్ మీద మినహాయింపులు ఉన్నాయి. వాటినీ అదృష్టం పద్దులోనే వేసుకోమన్నాను. విచిత్రమేమిటంటే అదే ఊళ్లో ఉన్న ఇంకో పెద్ద యూనివర్సిటీ, లుడ్‌విగ్ మాక్సిమిలియన్, అలాంటి ఫీజేమీ తీసుకోదు. కానీ అక్కడ ఇంజనీరింగ్ లేదు.

మాగ్డెబర్గ్‌లో గది మూడు వందలు. బీమా ఎక్కడైనా ఒకటే. 992లో 547 చేతిలో ఉంటాయి. వంట చేసుకునే పిల్లకి అవి చాలి, ఇంకా మిగులుతాయి కూడా.

"పార్ట్‌టైం చేస్తే మ్యూనిక్‌లో కూడా నెట్టుకు రావచ్చు కదా? అందరూ అలాగే చేస్తున్నారట" అంది. ఈ మాట వస్తుందని నాకు తెలుసు, ఎనిమిదేళ్ల కిందట నేనూ అచ్చంగా ఇదే మాట అన్నాను. ఇంకో కాగితం తియ్యమన్నాను. మ్యూనిక్‌లో మాగ్డెబర్గ్ కన్నా నెలకి అద్దె 500 ఎక్కువ, ఫీజు నెలకి పంచితే 1,000. మొత్తం 1,500 తేడా. 2025లో జర్మనీలో కనీస వేతనం గంటకి 12 యూరోల 82 సెంట్లు ఉండేది. ఆ లెక్కన 1,500 రావాలంటే నెలకి 117 గంటలు పనిచెయ్యాలి. సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు దాటకూడదు, అంటే నెలకి 87. ఏడాదికి 140 పూర్తి దినాలు అనే ఇంకో గీత ఎలాగూ ఉంది. చట్టం ఇచ్చిన గంటలన్నీ చివరిదాకా వాడేసినా మ్యూనిక్ తేడా పూడదు.

నిజమే, మ్యూనిక్‌లో కనీస వేతనానికి పనిచెయ్యక్కర్లేదు. బీఎండబ్ల్యూ, సీమెన్స్ లాంటి కంపెనీలు అక్కడే ఉన్నాయి. వెర్క్‌స్టుడెంట్‌గా, అంటే చదువుతూ పార్ట్‌టైం చేసే విద్యార్థిగా, తీసుకుంటే గంటకి 17, 18 ఇచ్చేవీ ఉంటాయి, చేసేది చదువుకి సంబంధించిన పని. అది దొరికితే వేరే కథ. కానీ దిగిన మొదటి నెలలో, జర్మన్ రాకుండా, ఒక్క పరీక్ష కూడా రాయకుండా ఎవరికి దొరుకుతుంది?

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి, లేకపోతే ఇదంతా మాస్టారి పాఠంలా ఉంటుంది.

2017లో నాకూ రెండు అడ్మిట్లు వచ్చాయి. ఒకటి స్టుట్‌గార్ట్, ఇంకోటి కెమ్నిట్జ్. మా నాన్న "చెమ్నిట్జ్" అనేవారు, మా వీధిలో సగం మంది నేను చెన్నై వెళ్తున్నాననుకున్నారు. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం సరిగ్గా ఆ ఏడాదే బయటి దేశాల విద్యార్థులకి సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు మొదలుపెట్టింది. నా ముందు బ్యాచ్ దాకా లేదు. నాలుగు సెమిస్టర్లకి 6,000 అంటే అప్పటి రేటులో నాలుగున్నర లక్షలు. కెమ్నిట్జ్‌లో ఫీజు లేదు, రైకెన్‌హైనర్ వీధి హాస్టల్లో గది 210 యూరోలకే. మేం రెండు నిమిషాల్లో తేల్చేశాం. నాన్న ఆర్టీసీలో క్లర్కుగా రిటైరయ్యారు, ఇంకేం ఆలోచిస్తాం?

ఆలోచించాల్సింది ఒకటుంది. అప్పట్లో బ్లాక్‌డ్ అకౌంట్‌కి 8,640 యూరోలు చూపించాలి, ఆరున్నర లక్షలు. ఆ డబ్బు మాది కాదు. నరసరావుపేటలో తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. "చూపించడానికే కదా, నెలనెలా వెనక్కి పంపేస్తే సరి" అనుకున్నాం. మన ఊళ్లలో ఇలా చేసినవాళ్లు ఎందరో ఉన్నారు, ఇప్పటికీ చేస్తున్నారు, ఎవరూ పైకి చెప్పరు. నెలకి 720 యూరోలు వచ్చేవి. వచ్చిన మర్నాడే 400 ఇంటికి పంపేవాణ్ని. 210 అద్దె, 90 బీమా. మిగిలింది ఇరవై. ఇంకో రకంగా చెప్పాలంటే చవక ఊరిని ఎంచుకుని కూడా నేను మ్యూనిక్ బతుకే బతికాను.

అందుకని పని వెతుక్కున్నాను. కెమ్నిట్జ్‌లో భాష రాకుండా పని దొరకడం కష్టం. పని లైప్‌జిగ్ దగ్గర దొరికింది, ఒక పార్సిల్ గోదాములో రాత్రి షిఫ్టు, గంటకి 8 యూరోల 84 సెంట్లు. రైల్లో గంట. సెమిస్టర్ టికెట్ ఉంది కాబట్టి చార్జీ లేదు అని సంబరపడ్డాను. చార్జీ లేదు గానీ టైం పోతుంది కదా. నాలుగు గంటల షిఫ్టుకి ఏడు గంటలు ఖర్చయ్యేది. ఆఖరి రైలు తప్పితే తెల్లారేదాకా స్టేషన్లోనే. ఆ డీజిల్ రైల్లో గైట్‌హైన్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. ఎన్నిసార్లు అక్కడ మెలకువ వచ్చి, వెళ్తున్నానో వస్తున్నానో తెలియక కిటికీలోంచి చూశానో.

మొదటి సెమిస్టర్లో రాసిన నాలుగు పరీక్షల్లో మూడు పోయాయి. ఇక్కడ చాలాచోట్ల ఒక సబ్జెక్టు మూడుసార్లు తప్పితే కోర్సు నుంచే పంపేస్తారు. కంట్రోల్ థియరీ మూడోసారి రాసిన రోజు సంగతి నాకు ఇప్పటికీ కల్లోకి వస్తుంది. రెండేళ్ల కోర్సు మూడున్నరేళ్లు పట్టింది. దాచుకున్నది 6,000 యూరోల ఫీజు, పోగొట్టుకున్నది ఏడాదిన్నర జీతం.

ఇండియాలో నాతోపాటు చదివిన ఒకడు, తెనాలి వాడు, స్టుట్‌గార్ట్‌కే వెళ్లాడు. ఫీజు కట్టాడు, గదికి నాకన్నా రెట్టింపు ఇచ్చాడు. వాళ్ల నాన్న పొలం అమ్మి పంపారు, కాబట్టి వెనక్కి పంపాల్సిన డబ్బు లేదు. మొదటి ఏడాది పని జోలికి పోలేదు. జర్మన్ బీ1 స్థాయి దాకా నేర్చుకున్నాడు. రెండో ఏడాది వైహింగెన్‌లోని ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థలో స్టూడెంట్ అసిస్టెంటుగా చేరాడు, క్యాంపస్ నుంచి నడిచి వెళ్లే దూరం. సరిగ్గా రెండేళ్లకి బయటపడ్డాడు. నేను థీసిస్ కోసం స్టుట్‌గార్ట్ వచ్చేసరికి వాడు ఉద్యోగంలో ఉన్నాడు, నెల రోజులు వాడి సోఫా మీదే పడుకున్నాను. ఏ అద్దె తప్పించుకోవాలని నేను కెమ్నిట్జ్ వెళ్లానో ఆ స్టుట్‌గార్ట్ అద్దె అప్పట్నుంచీ నెలనెలా కడుతూనే ఉన్నాను.

ఇదంతా విని మేనకోడలు "అయితే మ్యూనిక్ వెళ్లమంటావా?" అంది. లేదు. వాడు బాగుపడింది స్టుట్‌గార్ట్ వల్ల అని నేననుకోను, నేను చితికింది కెమ్నిట్జ్ వల్లా కాదు. వాడి ఏడాది వాడి చేతిలో ఉంది, నాది నరసరావుపేటలో తాకట్టులో ఉంది. అందుకే నేను అడిగింది ఇంకోటి: "ఆ పన్నెండు లక్షలు ఎవరివి?"

మాగ్డెబర్గ్ అయితే బావ పీఎఫ్‌లోంచి తీసింది, అక్క చీటీ పాడింది కలిపి పదమూడు లక్షలున్నాయి. మొదటి ఏడాదికి అప్పు లేదు. రెండో ఏడాదికి చిన్న లోను, లేదా అప్పటికి తన సంపాదన. మ్యూనిక్ అయితే రెండేళ్లకి యాభై లక్షల పైమాట, ఇల్లు బ్యాంకులో పెట్టాలి. పిల్ల విమానం ఎక్కకముందే ఈఎంఐ లెక్కలు నడుస్తాయి. ఆ ఈఎంఐ పిల్లకి చెప్పకుండా దాస్తారు, పిల్ల అది కనిపెట్టి గోదాములో షిఫ్టు వెతుక్కుంటుంది. మా ఇంట్లో ఒకసారి జరిగింది చాలు.

ఫీజు లేకుండా ఉంటే మ్యూనిక్ వెళ్లమనే చెప్పేవాణ్ని. ఆ ప్రొఫెసర్లు, ఆ కంపెనీలు, ఆ పేరు, అవన్నీ నిజంగానే విలువైనవి. అద్దె ఒక్కటే అయితే ఎలాగో మోయొచ్చు. అద్దె, ఫీజు, అప్పు మూడూ ఒకే పిల్ల నెత్తిన పెట్టడం నాకు ఇష్టం లేదు.

చవక ఊళ్లలో డబ్బుతో కొలవలేని ఖర్చు ఒకటుంది, అదీ చెప్పాను. 2018 ఆగస్టు చివర కెమ్నిట్జ్‌లో ఊరి పండగ రాత్రి కత్తిపోట్లలో ఒక మనిషి చనిపోయాడు. నిందితులు శరణార్థులని తెలియగానే ఫార్ రైట్ వాళ్లు వేలాదిగా వీధుల్లోకి వచ్చారు. ఊరి నడిబొడ్డున ఏడు మీటర్ల కార్ల్ మార్క్స్ తల ఉంటుంది, దాని ముందే గుమిగూడారు. మేం హాస్టల్ వాళ్లం వారం రోజులు చీకటి పడ్డాక బయటికి వెళ్లలేదు. అమ్మ తెలుగు చానల్లో ఏదో క్లిప్పింగ్ చూసి వచ్చేయమని ఏడ్చింది. సెప్టెంబరు 3న వాళ్లకి జవాబుగా అదే ఊళ్లో ఉచిత సంగీత కచేరీ పెట్టారు. 65 వేల మంది వచ్చారు, నేనూ ఒక మూల నిలబడ్డాను. నా పక్కన ఒక ముసలావిడ తన ఫ్లాస్కులో కాఫీ నాకు పోసి ఇచ్చింది. ఆ ఊరు అంటే నాకు ఆ గుంపూ గుర్తే, ఆ కాఫీ కూడా గుర్తే. 2025లో కెమ్నిట్జ్ యూరప్ సాంస్కృతిక రాజధాని అయింది. మాగ్డెబర్గ్ కూడా తూర్పు జర్మనీ ఊరే. మన పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు, చదువుకుంటున్నారు. కానీ అమ్మాయిని పంపేటప్పుడు ఈ సంగతి తెలిసి పంపాలని అక్కకి విడిగా ఫోన్ చేసి చెప్పాను. అక్క చాలాసేపు వింది. "ఇక్కడ మాత్రం ఏముందిరా" అంది చివరికి.

బావ చేతిలో ఇంకో ముక్క మిగిలింది. మాగ్డెబర్గ్ ఒప్పుకోవడానికి ఆయనకో కారణం కావాలి, అది ఇంటెల్ రూపంలో దొరికింది. 2022లో ఇంటెల్ అక్కడ 17 బిలియన్ యూరోలతో చిప్ ఫ్యాక్టరీలు కడతానని, మూడు వేల ఉద్యోగాలని ప్రకటించింది. "పిల్ల చదువయ్యేసరికి ఫ్యాక్టరీ రెడీ" అని ఆయన ఆఫీసులో చెప్పుకోవడం మొదలుపెట్టాడు. 2024లోనే ఆ పని రెండేళ్లు వాయిదా వేశారని నేను చెప్పబోతే వినలేదు. 2025 జులై నెలాఖర్లో ఆ కంపెనీ మాగ్డెబర్గ్ ప్రణాళికని పూర్తిగా రద్దు చేసింది. బావ నాకు ఫోన్ చెయ్యలేదు. వార్త లింకు మాత్రం వాట్సాప్‌లో పంపాడు, పక్కన ఏమీ రాయకుండా.

రాని ఫ్యాక్టరీని నమ్ముకుని ఊరు ఎంచుకోవడమూ అంతే, అదృష్టం పద్దే. ఉద్యోగం కోసం ఎలాగూ ఊరు మారాలి, నేనూ మారాను. మొదటి రెండు సెమిస్టర్లు పనికి వెళ్లకుండా, పరీక్షలు గట్టెక్కి, జర్మన్ బీ1 చేతికి తెచ్చుకోగలిగే ఊరు కావాలి. 547 యూరోలు మిగిలే చోట అది కుదురుతుంది.

మేనకోడలు మాగ్డెబర్గ్ ఖాయం చేసింది. మ్యూనిక్‌కి వద్దని మెయిల్ పెట్టడానికి మూడు రోజులు పట్టింది. పెట్టాక ఏడ్చిందట, అక్క చెప్పింది. నాకు మాత్రం "అయిపోయింది మావయ్యా" అని ఒక్క మెసేజ్. నేనూ ఏమీ ఓదార్చలేదు. ఆ పేరు వదులుకోవడం చిన్న విషయమని నటించడం నాకు రాదు.

తర్వాత గదుల వేట. ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన చూసి సంబరంగా పంపింది, ఊరి మధ్యలో బాల్కనీతో ఫ్లాటు, 250 యూరోలకే. ఓనరు లండన్‌లో ఉంటాడట, రెండు నెలల డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయట. ఈ లండన్ ఓనరు 2017లో నాకూ రాశాడు, అప్పుడు ఆయన స్టుట్‌గార్ట్ ఫ్లాటుకి ఓనరు. చూడని గదికి డబ్బు పంపొద్దని గట్టిగా చెప్పాను. గది దొరికితే సరిపోదు, ఇంటివాళ్లు సంతకం చేసిన కాగితంతో రెండు వారాల్లోపు టౌన్‌హాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. అన్‌మెల్డుంగ్ అంటారు. అది ఇవ్వని గది ఎంత చవకైనా పనికిరాదు.

హాస్టల్‌కి అడ్మిట్ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టించాను. నిన్న జవాబు వచ్చింది. గది ఉంది, 280 యూరోలు, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ కలిపి. కానీ నవంబరు 1 నుంచి. క్లాసులు అక్టోబరులోనే మొదలు. స్టుట్‌గార్ట్ నుంచి మాగ్డెబర్గ్ రైల్లో అయిదు గంటలు, కాబట్టి మా ఇల్లు పనికిరాదు. ఇది చదివేవాళ్లలో మాగ్డెబర్గ్‌లో ఎవరైనా ఉంటే, అక్టోబరు ఒక్క నెలకి గది ఖాళీగా ఉంటే, పత్రిక ద్వారా నాకు కబురు చెయ్యండి. అమ్మాయి వంట బాగా చేస్తుంది, మీరు అన్‌మెల్డుంగ్ కాగితం కూడా ఇవ్వాలి.